ముందు కోడి, తర్వాత మనిషి

మొన్న నా డీజిల్ బండి చిన్న ఎత్తు కూడా ఎక్కలేక మొరాయిస్తుంటే నరసరావుపేటలో షెడ్డుకు తోలుకెళ్లాను. మెకానిక్ బండి కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ "కేటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందండీ" అన్నాడు. ఆ మాట నాకు కొత్తనుకున్నాడేమో, "పొగలో ఉండే విషాన్ని విరగ్గొట్టే పెట్టె లెండి" అని విడమరిచి కూడా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఒరే నాయనా, నువ్వు పుట్టకముందే గురజాలలో నా దుకాణం మెట్ల మీద నిలబడి ఒకావిడ నాకా మాట నేర్పింది, అదీ చంకలో కోడిని పెట్టుకుని, అని చెబుదామనుకున్నాను. చెబితే ముసలాయనకు మతి తప్పిందనుకుంటాడని ఊరుకున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడకు కోపమొస్తుంది. పోయినవాళ్లకు కోపమేమిటంటారా? ఆవిడ సంగతి మీకు తెలియదు.

ఎనభైల నాటి మాట. గురజాలలో నాకు ఆయిల్ ఇంజన్ల స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. కాలవ నీళ్లు అందిన పల్లెలు అదృష్టవంతులవి. అందని మెట్ట పొలాల వాళ్లకు బావే దిక్కు, ఆ బావికి డీజిల్ ఇంజనే దిక్కు. మా పల్నాటి రాతినేలలో నీళ్లు ఎంత లోతుకు దిగితే మనిషీ అంత లోతుకు దిగాల్సిందే. ఇంజన్ను గట్టు మీద పెడితే పంపు అంత లోతు నుంచి నీళ్లు పీల్చలేదు. అందుకని బావి లోపల, నీళ్లకు కాస్త ఎగువన, రాతిలో గూడు తొలిచి అందులో ఇంజన్ను కూర్చోబెట్టేవాళ్లు. రాళ్లలో చెక్కిన మెట్ల మీద దిగి, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసి పైకొచ్చేవాళ్లు. మధ్యలో ఆయిల్ చూడ్డానికో, బెల్టు సర్దడానికో మళ్లీ దిగేవాళ్లు. పొగ మాత్రం ఆ బావిలోనే తిరుగుతుండేది.

ఏడాదికి ఎక్కడో ఒకచోట ఒకరిద్దరు ఆ బావుల్లో పోతుండేవాళ్లు. ముందు దిగినవాడు పడిపోతే, వాణ్ణి తీయబోయినవాడు వాడి మీదే పడిపోయేవాడు. "గాలి సోకింది" అనేవాళ్లు జనం. దానికి మావాళ్ల దగ్గర ఒక పరీక్ష ఉండేది. లాంతరు వెలిగించి తాడుకు కట్టి బావిలోకి దింపేవాళ్లు. దీపం ఆరిపోతే దిగేవాళ్లు కారు. వెలుగుతూ ఉంటే దిగేవాళ్లు. తాతల నాటి పద్ధతి, పాడుబడిన బావుల్లో ఎంతోమందిని కాపాడింది కూడా. దాని మీద మాకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ తమ్ముడు దీపం వెలుగుతుండగానే చచ్చిపోయాడు.

ఆవిడ మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. సొంతూరు గురజాలకు దగ్గర్లోనే, మెట్ట పల్లె. ముతక నేత చీర, బిగించి దోపిన కొంగు, వేళ్ల మధ్య ఎప్పుడూ సుద్ద పొడి. పెళ్లి మాటెత్తితే "తీరికున్నప్పుడు చూద్దాం" అనేది, కూరగాయలు కొనే సంగతిలాగా. దుకాణంలో కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. ఇనప సామాను కనపడితే వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినేది. ఎవరేం చెప్పినా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: "నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" దీనికి జవాబు చెప్పలేక మా బజార్లో పెద్ద పెద్ద మీసాలవాళ్లు తడబడేవాళ్లు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను లెక్కలు చూసుకుంటున్నాను. కోడి కొక్కొక్కోమంటే తలెత్తాను.

"అన్నయ్యా, పాడైపోయిన సైలెన్సర్లు ఉన్నయ్యా?"

"పాడైపోయినవా? ఎందుకమ్మా, కోడికి గూడు కడతావా ఏంది?" అన్నాను. షాపులో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. "ముందు సైలెన్సర్ చూపియ్యి. ఎగతాళి తర్వాత తీరిగ్గా చేద్దువుగాని" అంది.

పక్క షెడ్డులో మస్తాన్ ఉండేవాడు, ఆయిల్ ఇంజన్లు విప్పడంలో మా చుట్టుపక్కల వాణ్ణి మించినవాడు లేడు. వాణ్ణి పిలిచాను. మస్తాన్ చితికిపోయిన సైలెన్సర్లు రెండు మూడు తెచ్చి కింద పడేశాడు. ఆవిడ ఒక్కొక్కదాన్నీ కొట్టి చూసి, లోపలికి తొంగిచూసి, వేలు పెట్టి మసి తీసి, ఆ మసిని నా బల్ల అంచుకే రాసింది.

"మేడమ్, దేనికివి?" అని అడిగాడు మస్తాన్.

అప్పుడు చెప్పింది. తమ్ముడి సంగతి ఏడవకుండా చెప్పింది, పాఠం చెప్పినట్టు చెప్పింది. వినేవాళ్లకే కళ్లు చెమర్చాయి. ఇంజన్ నడుస్తుండగా బెల్టు జారిందట. లాంతరు దింపారట. వెలుగుతోందట. "దీపం వెలుగుతోంది, దిగరా" అన్నది ఎవరో కాదు, ఆవిడ నాన్నే. కొడుకు దిగాడు, గూటి దగ్గర కూర్చున్నాడు, ఇంక లేవలేదు.

"దీపం ఆరిపోతే గాలి లేదని. వెలిగితే గాలి ఉందని. అంతే. విషం లేదని ఎవరు చెప్పారు? డీజిల్ పొగలో సగం కాలిన గాలి ఒకటుంటది అన్నయ్యా. రంగు లేదు, వాసన లేదు. దీపానికి అది తెలవదు. కోడికి తెలిసిద్ది. కోడి మనకన్నా ముందే తూలిద్ది."

మా దుకాణంలో అప్పటిదాకా నవ్వినవాళ్లంతా కోడి వంక చూశారు. ఎర్ర ఈకల కోడి, మెడ నిక్కించి మమ్మల్ని చూస్తోంది.

గుంటూరు లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పత్రికలో ఆవిడ చదివింది. పరాయి దేశాల్లో భూమి లోపల గనుల్లో డీజిల్ బండ్లు నడుపుతారట. పొగ గొట్టానికి ఒక పెట్టె తగిలిస్తారట. దాని పేరే కేటలిటిక్ కన్వర్టర్. సగం కాలిన గాలి వేడివేడిగా ఆ పెట్టెలోకి వెళ్లి, అక్కడి లోహానికి తగిలి, మిగతా సగం కూడా కాలిపోతుందట. లోహం మాత్రం ఖర్చు కాదట.

"గనిలో ఇంజన్ పెట్టుకుని వాళ్లు బతుకుతన్నారు. బావిలో ఇంజన్ పెట్టుకుని మనం ఎందుకు చావాలి?" అంది.

"ఆ లోహమేంది?" అని అడిగాను.

"ప్లాటినం."

"బంగారం కన్నా ప్రియమంటగా!"

"మనకు మైలుతుత్తముందిగా" అంది ఆవిడ, చాలా మామూలుగా.

మైలుతుత్తమంటే తెగుళ్లకు కొట్టే నీలం మందు. దాంట్లో రాగి ఉంటుందట. కుమ్మరి చేత బంకమట్టి గోళీలు చేయించింది. వాటిని మైలుతుత్తం నీళ్లలో నానబెట్టింది. నానిన గోళీలను గట్టిగా కాలిస్తే రాగి నల్లటి పూతలా పట్టుకుంటుందనీ, ప్లాటినమంత కాకపోయినా అదీ కొంత పని చేస్తుందనీ ఆవిడ లెక్క. కుమ్మరి ఆవంలో వేడి చాలలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీ గుర్తొచ్చింది ఆవిడకు. ఒక ఆదివారం మస్తాన్నీ నన్నూ వెంటబెట్టుకుని లారీలో పిడుగురాళ్ల బయల్దేరింది.

బట్టీ మేస్త్రీకి మతి పోయింది. "సున్నం కాల్చే బట్టీలో గోళీలు కాలుస్తారా? ఇదేం పిచ్చి తల్లీ!" అన్నాడు.

"సున్నం కాలేదానికి గోళీలు అడ్డమా? ఓ మూల పడుంటయ్యి. నీ రాళ్లను కొరుక్కుతింటయ్యా ఏంది?"

మేస్త్రీ ఒప్పుకున్నాడు. ఆవిడతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు. మర్నాడు గోళీలు నీలం పోయి నేరేడుపళ్లలా నల్లగా వచ్చాయట. మస్తాన్ సైలెన్సర్‌ను కోసి, లోపల జల్లెడ రేకులు బిగించి, మధ్యలో గోళీలు పోసి వెల్డింగ్ చేశాడు. చూడ్డానికి పాలక్యానుకు కాళ్లు పెట్టినట్టుంది.

ఇక ఆవిడ బాధల్లా నాన్నతోనే.

ఆయన్ని నేను అంతకుముందు బజార్లో చూశాను. ఎండిన మనిషి. తలపాగా తీయడు, మాట తిప్పడు. కొడుకు పోయిన తర్వాత ఆ బావిలోకి ఇంకో మనిషిని దిగనివ్వలేదు. పాలేరును కూడా. ఇంజన్ స్టార్ట్ చేయాలన్నా, ఆయిల్ పోయాలన్నా, బెల్టు వేయాలన్నా తనే. బావి నుంచి ఇంజన్ తీసేయమని కూతురు కాళ్లావేళ్లా పడింది. మిరప తోట కాపు మీద ఉండగా నీళ్లాపితే ఏం తింటామన్నాడు. పోనీ ఇంకొకరిని దింపమంటే, "ఆ బాయికి ఒకణ్ణిచ్చా. ఇంకొకడి బిడ్డనియ్యను. దిగితే నేనే" అన్నాడు. 

నా ఎదుటే జరిగిందీ మాట. ఆవిడ పెట్టె పట్టుకుని బావి గట్టు మీద నిలబడి ఉంది.

"నేను నిన్నియ్యను" అంది.

"నా పేణం నా ఇష్టమే!"

"నీ ఇష్టం కాదు. తమ్ముడిది నీ చేతిలో పోయింది. నీది నా చేతిలో ఉంది. నేను జారనియ్యను."

కన్నతండ్రితో అంత మాట అంటుందని నేననుకోలేదు. మస్తాన్ పక్కకు తిరిగి స్పానర్లు వెతుక్కున్నాడు. ఆ పెద్దాయన కూతురి వంక చూసి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. "ఆ డబ్బాయేదో పెట్టుకో పో" అన్నాడు.

పెట్టె బిగించాం. ఇంజన్ నడిచింది. బావిలోంచి రోజూ నల్లగా లేచే పొగ ఆ రోజు పల్చబడింది. కోడిని గంపలో పెట్టి, పైన వల కట్టి, గూటిదాకా దింపింది ఆవిడ. గట్టు మీద ఊరంతా చేరింది. ఇంజన్ చాలాసేపు నడిచాక గంప పైకి లాగి వల విప్పితే కోడి గంపలోంచి దూకి నేరుగా పెద్దాయన తలపాగా మీదికి ఎగిరింది. జనం ఈలలు వేశారు. మస్తాన్ "అల్లా మెహర్బానీ" అంటూ కళ్లు మూసుకున్నాడు. నేనైతే అక్కడికక్కడే ఎన్ని పెట్టెలు చేయించాలి, దుకాణం ముందు ఏ బోర్డు రాయించాలి అని ఆలోచనలో పడ్డాను. వ్యాపారిని, నాకు తప్పదు.

ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

"ఏందమ్మా, ఇంకా ఏడుపు మొహం? కోడి బతికిందిగా!" అన్నాను.

"బతికింది. ఎందుకు బతికింది? గోళీలు పనిచేశాయో, ఇయ్యాళ గాలి బాగా వీచి పొగను తోలేసిందో నాకు తెలవదు. నీకు తెలుసా?"

"పొగ తగ్గిందిగా! కళ్లతో చూశాగా!"

"పొగ చూశావ్. విషం చూశావా?"

ఆవిడ నన్ను ఒక్క పెట్టె కూడా అమ్మనివ్వలేదు. రైతులు వచ్చి అడిగేవాళ్లు. "టీచరమ్మ ఒప్పుకోలేదు" అని నేను చెప్పేవాణ్ణి, పళ్లు కొరుక్కుంటూ. ఒకసారి కోపం ఆపుకోలేక స్కూలు గేటు దగ్గరికే వెళ్లి, నీకు బతకడం తెలియదు, ఇంకొకరిని బతకనివ్వవు అని గట్టిగానే అరిచాను. ఆవిడ అంతా విని, "పెట్టెకు వయసు రానీ అన్నయ్యా. ముసల్దయ్యాక కూడా పనిచేస్తే అప్పుడమ్ము" అని గంట కొట్టారని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాటకు నాకింకా మండింది.

వారం వారం ఊరికి వెళ్లి కోడిని దింపేది. బస్సులో కండక్టరు కోడికి టిక్కెట్టు కొట్టాలన్నాడట. "ఇది డ్యూటీ మీద పోతాంది. నీకుమల్లే" అందట ఆవిడ. బస్సంతా గొల్లున నవ్విందట. ఆ వారమే ఆవిడకు కోళ్ల టీచరమ్మ అని పేరు పడింది. చాటుగా అనేవాళ్లు, ఎదుటా అనేవాళ్లు. స్కూలు గోడ మీద బొగ్గుతో కోడి బొమ్మ గీశారెవరో. ఆవిడ పిల్లల్ని పిలిచి ఆ బొమ్మ చూపించి, "కోడికి కాళ్లు తప్పు గీశారు, సరిచేయండి" అందట.

ఎండాకాలం వచ్చింది. బావిలో నీళ్లు ఇంకా దిగిపోయాయి. మిరప ఆఖరి కోతలకు తడి కావాలి, ఇంజన్ పొద్దస్తమానం నడుస్తోంది. గాలి లేక ఆకు కదల్లేదు. ఆ రోజు నేనూ మస్తాన్ వెళ్లాం, పెట్టె బాగానే ఉందని ఆవిడ చేత అనిపించుకుని అమ్మకం మొదలుపెడదామన్న ఆశతో. ఇంతలో బెల్టు జారింది. ఇంజన్ ఉత్తినే పరుగెత్తుతోంది. పెద్దాయన గట్టు మీదికొచ్చి బావిలోకి చూశాడు. పొగ దాదాపు లేదు. అద్దంలా ఉంది లోపల. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"నాన్నా, ఆగు. కోడి."

"కళ్లు కనపడ్డంలా? పొగే లేదుగదే! నీ డబ్బానే గదా నమ్మమన్నావు!"

"నమ్మమనలా. చూడమన్నా."

"తోట ఎండిపోతాంది. తప్పుకో!"

ఆవిడ తప్పుకోలేదు. వెళ్లి ఆ మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. దుకాణంలో కుర్చీ వేస్తే కూర్చోని మనిషి, బావి మెట్టు మీద చీర పరుచుకుని కూర్చుంది. "నన్ను తొక్కి దిగు" అంది. పెద్దాయన చెయ్యెత్తాడు. నేను పరుగెత్తి పట్టుకోబోయాను. ఆయనే దించేశాడు. మస్తాన్ ఈలోగా గంపలో కోడిని పెట్టి దింపేశాడు.

ఎదురుచూశాం. ఇంజన్ చప్పుడే. లాంతరు కూడా దింపమంది ఆవిడ, రెండో తాడు మీద. దీపం గూటి పక్కన బాగా వెలుగుతోంది, నిలకడగా, గుడిలో దీపంలాగా.

గంప పైకి లాగారు. కోడి మెడ వాల్చేసి ఉంది.

మస్తాన్ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఊపాడు, ముక్కులోకి ఊదాడు. లేవలేదు. బావిలో లాంతరు ఇంకా వెలుగుతోంది. పెద్దాయన కోడిని చూశాడు, లాంతరును చూశాడు, మళ్లీ కోడిని చూశాడు. గట్టు మీద కూలబడ్డాడు.

"దీపం వెలుగుతాందనే గదే... దీపం వెలుగుతాందనే గదే నేను దిగమంది."

కొడుకు పోయిన రోజున ఏడవలేదట ఆ మనిషి. ఆ రోజు తలపాగా మొహానికి అదుముకుని బావురుమన్నాడు. ఆవిడ మెట్టు మీద నుంచి లేచి వచ్చి పక్కన కూర్చుని వీపు రాసింది. "నాకు తెలుసు నాన్నా. నేనున్నా అదే అనేదాన్ని" అంది. నాకు దుఃఖం ఆగలేదు. మస్తాన్ చేతిలో కోడితో అలాగే నిలబడ్డాడు.

ఊళ్లోవాడెవడో వెనకనుంచి, "కూరకన్నా పనికొచ్చిద్ది గదా ఆ కోడి" అన్నాడు. ఆవిడ తిరిగి చూసిన చూపుకు వాడు మళ్లీ ఆ గట్టు మీద కనపడలేదు. కోడిని తోట గట్టున పాతిపెట్టించింది.

డీజిల్ ట్యాపు దగ్గర తాడు ముందే కట్టి ఉంచారు, దాన్ని పైనుంచే లాగి ఇంజన్ ఆపారు. చాలాసేపు ఆగి, ఇంకో కోడిని దింపి, అది బాగుందని చూశాక మస్తాన్ దిగి పెట్టె విప్పుకొచ్చాడు. కోసి చూస్తే గోళీలన్నీ మసిలో ముద్దకట్టి ఉన్నాయి. మసి పట్టిన రాగికి పొగ తగిలే దారి లేదు. మసి లోపలే ఆగిపోయింది కాబట్టి బయటికి పొగ కనపడలేదు. విషం మాత్రం మసిని తప్పించుకుని హాయిగా బయటికొచ్చింది. అంటే మా పెట్టె చేసిందేమిటయ్యా అంటే, నల్లగా కనపడి భయపెట్టే పొగను దాచేసింది. నేనిలాంటివి ఊరూరా అమ్ముదునే అనుకుంటూ లెంపలేసుకున్నాను.

"పోయిందిలే మేడమ్. మనవల్ల గాదు" అన్నాడు మస్తాన్.

"పెట్టె పోయింది. నేనున్నాగా" అంది ఆవిడ. మొహం కడుక్కుని, మసిగోళీలు కొంగులో మూటకట్టుకుని, "మళ్లీ బట్టీలో వేద్దాం. ఈసారి ముందర మసి పట్టే జల్లెడ ఒకటి పెడదాం. ఈలోపల మనుషులు చావగూడదు, అది ముందు చూడాలి" అంది.

ఆ ముందు చూడాల్సిన పని కోసం ఆవిడ పట్టిన పట్టు ఇంతా అంతా కాదు. సైలెన్సర్ మూతి నుంచి గట్టు దాటేదాకా గొట్టం వేయాలంది. సన్న గొట్టం వేస్తే ఇంజనుకు ఊపిరాడదు, లాగదని రైతులు మొండికేస్తే, మస్తాన్ చేత లావుపాటి గొట్టం వేయించి లాగించి చూపింది. గొట్టమున్నా అతుకుల్లో పొగ కారుతుందని తనే చెప్పి, తనే ఒక కట్టుబాటు పెట్టింది. ఇంజన్ నడుస్తుంటే ఎవరూ దిగకూడదు. ఆపాక ఆగాలి. కోడిని దింపాలి. కోడి బాగుంటే నడుముకు తాడు కట్టుకుని మనిషి దిగాలి, ఆ తాడు పట్టుకుని గట్టు మీద ఇంకో మనిషి ఉండాలి. ముందు కోడి, తర్వాత మనిషి.

చెబితే మగవాళ్లు వింటారా? వినరని ఆవిడకు తెలుసు. అందుకని ఆడపిల్లలకు నేర్పింది. క్లాసులో హాజరు పిలిచాక, "ఎవరి బాయిలో ఇంజనుంది?" అని అడిగి, వాళ్లను నిలబెట్టి పాఠం చెప్పించేది. ఆ పిల్లలు ఇళ్లకెళ్లి తండ్రుల పంచెలు పట్టుకుని వేలాడారు. ఒకాయన నా దుకాణానికొచ్చి మొత్తుకున్నాడు. "ఏం పాఠాలయ్యా ఇయ్యి! కోడిని దింపందే నా కూతురు ముద్ద ముట్టనంటాంది! పొద్దున్నే గంప పట్టుకుని నాకంటే ముందు గట్టుమీదుంటాంది!"

"మరి దింపావా?" అని అడిగాను.

"దింపక చస్తానా!" అన్నాడు.

ఆ మాట విని నేను అంత గట్టిగా ఎందుకు నవ్వానో ఆయనకు అర్థం కాలేదు.

సెలవు రోజుల్లో ఆవిడ ఊరూరూ తిరిగేది. మాచర్ల వైపు, కారంపూడి వైపు, బస్సులేని ఊళ్లకు కాలినడకన. కొన్ని ఊళ్లలో గట్టు ఎక్కనివ్వలేదు. ఆడది బావి మీదికొస్తే ఊట ఎండుతుందన్నవాళ్లున్నారు. "నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" అని అక్కడా అడిగింది. ఆవిడ తిరిగిన ఊళ్లలో ఆ తర్వాత బావిలో గాలి సోకి పోయారన్న మాట నా చెవిన పడలేదు. నా చెవిన పడకుండా జరిగిందేమో చెప్పలేను. ఆవిడుంటే అలాగే రాయమనేది.

పెట్టె పని మాత్రం ఆవిడ మానలేదు. గోళీలు మార్చింది, జల్లెడలు మార్చింది, పాత బ్యాటరీల్లోని నల్లపొడి కలిపి చూసింది. ఒక్కోసారి కోడి బాగుండేది, ఒక్కోసారి తూలేది. తూలిన ప్రతిసారీ అదే మాట, "మళ్లీ చేద్దాం". పైగా, విషమంతా విరిగినా బావిలో గాలిని ఇంజన్ తినేది తింటూనే ఉంటుంది కాబట్టి ఎంత గొప్ప పెట్టె చేసినా కోడిని మానకూడదని తనే అనేది. తన పెట్టె మీద తనే అంత అనుమానం పెట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూళ్లేదు. నాకప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు తలుచుకుంటే నవ్వొస్తుంది.

కొన్నేళ్లకు ఆ పొలాలకు కరెంటు వచ్చింది. బావుల్లోంచి ఇంజన్లు ఒక్కొక్కటే పైకెక్కాయి, నా దుకాణంలో మోటార్ల సామాను దిగింది. ఒక రోజు పొద్దున్నే ఆవిడ వచ్చింది. చేతులు ఖాళీ. మొహం చూస్తే రాత్రంతా నిద్ర లేనట్టుంది. ఏమైందని అడిగే లోపలే, ఎన్నడూ లేనిది, నేను వేయకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్న పోయాడన్నయ్యా" అంది.

నా నోట్లోంచి "బావిలోనా?" అన్న మాట వచ్చేసింది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కళ్ల నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు. అన్నేళ్లలో నేనెప్పుడూ చూడని నవ్వు నవ్వింది.

"మంచం మీద" అంది. "రాత్రి పెరుగన్నం తిని, ఉక్కపోస్తందని మంచం వాకిట్లో వేయించుకుని పడుకున్నాడు. మంచం మీద పోయాడన్నయ్యా."